కాలువ కట్టేసిన నెలలో గీసిన పటం: ఒక డెల్టా ఊళ్లో కార్జపు జలగల కేస్ స్టడీ

ఫిబ్రవరిలో ఒకరోజు తెల్లవారకముందే ఫోన్ మోగింది. "డాక్టరమ్మగారండీ, పడ్డ పైకి లేవట్లేదండీ, ఒకసారి రండి." పశ్చిమ గోదావరి డెల్టాలో నేను చూసే ఊళ్లలో అదొకటి. నేను వెళ్లేసరికే ప్రాణం పోయింది. ఇంకా రెండేళ్లు కూడా నిండని ముర్రా జాతి గేదె పడ్డ. దవడ కింద నీరు దిగి చిన్న సంచిలా వేలాడుతోంది. కంటి కింది రెప్ప తిప్పి చూస్తే లోపల ఎరుపన్నదే లేదు. తోక చుట్టూ పారుడు ఎండి అట్టకట్టింది.

కోసి చూస్తానంటే ఆ రైతు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత సరేనన్నాడు. కార్జం గట్టిగా, అంచులు మొద్దుబారి ఉంది. లోపలి పిత్తనాళాలు తాళ్లలా లావెక్కాయి. ఒకదాన్ని కోసి వేలితో నొక్కితే ముదురు పసరు రసంతో పాటు ఆకుల్లాంటి జలగలు ఒకదాని వెంట ఒకటి జారాయి. వాటిలో చూపుడు వేలంత పొడవున్నవీ ఉన్నాయి. ఇది ఫాసియోలా జైగాంటికా, మన వేడి ప్రాంతాల కార్జపు జలగ. నేను చేతులు కడుక్కుంటుంటే రైతు అన్నాడు: "మొన్న భాద్రపదంలో మీరే కదండీ మందు పోశారు. మళ్లీ ఎక్కడి నుంచి వచ్చాయండీ?"

ఆ మాట నిజమే. సెప్టెంబరులో మేం పెట్టిన క్యాంపులో ఆ పడ్డకు నా కళ్లెదుటే మందు పోశారు. మోతాదూ సరిగ్గానే ఉంది. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ రెండేళ్లు చేసిన పనే ఈ కేసు. జవాబు ఊరి పటంలో దొరికింది. అయితే నేను మొదట గీసిన పటంలో కాదు.

ఎన్ని కలిస్తే ఈ జబ్బు

జలగ గుడ్లు పేడతో బయటికి వస్తాయి. అవి తడిలో పడితేనే బతుకుతాయి, ఎండిపోతే చచ్చిపోతాయి. నీళ్లలో పడ్డ గుడ్డు రెండు మూడు వారాల్లో పగిలి, కంటికి కనిపించని పిల్ల బయటికి వస్తుంది. దాని ఆయుష్షు ఒక్కరోజు. ఆ ఒక్కరోజులో దానికి సరిపడే నత్త దొరకాలి. దొరికితే ఆ నత్తలో వారాల తరబడి పెరుగుతుంది, ఒకటి వందలవుతుంది. తోక ఉన్న పిల్లలుగా మళ్లీ నీళ్లలోకి వచ్చి, నీళ్లలో మునిగిన గడ్డికో వరి దుబ్బుకో అంటుకుని చుట్టూ తిత్తి కట్టుకుంటాయి. ఆ గడ్డి తిన్న పశువు కడుపులో తిత్తి పగులుతుంది. పిల్ల జలగ పేగు గోడను తొలుచుకుని కార్జంలోకి వెళ్తుంది, మూడు నాలుగు నెలలకు పిత్తనాళంలో చేరి గుడ్లు పెడుతుంది.

ఈ లెక్క వెనక్కి వేసి చూశాక సెప్టెంబరు క్యాంపు ఎందుకు పని చేయలేదో అర్థమైంది. మేం పోసిన మందు నాళాల్లో ఉన్న పెద్ద జలగలను చంపుతుంది. ఫిబ్రవరిలో పడ్డ నాళాల్లో నేను చూసిన జలగలు నవంబరులో తిన్న తిత్తుల నుంచి వచ్చినవి. అంటే మందు పోసిన నాటికి అవి ఒంట్లోనే లేవు. సార్వా, అంటే వానాకాలపు వరి, కోతలయ్యాక ఇక్కడ పశువులను పొలాల్లోకి వదులుతారు. నేల ఇంకా తడిగా ఉంటుంది, కొయ్యకాళ్ల నుంచి పచ్చని పిలకలు వస్తుంటాయి. గేదెలు వాటిని నేల దాకా కొరికి తింటాయి. మేం క్యాంపు పెట్టింది అంతకు ముందు.

తేదీ తప్పు సరే, మరి చోటు? ఆ ఊళ్లో అన్ని ఇళ్లలోనూ జబ్బు లేదు. ఒక వీధిలో మూడిళ్లలో గేదెలు చిక్కిపోతుంటే, రోడ్డుకు అవతలి వీధిలో నిగనిగలాడుతున్నాయి. మేపూ దాణా ఇంచుమించు ఒకటే. అందుకే పటం గీయాలనుకున్నాను.

మొదటి పటం

వాతావరణాన్ని బట్టి కార్జపు జలగను ముందే పసిగట్టవచ్చన్నది పాత ఆలోచనే. 1959లో బ్రిటన్‌లో ఓలెరెన్‌షా, రోలాండ్స్ వాన కురిసిన రోజులు, వాన మొత్తం, నేల నుంచి ఆవిరైపోయే నీరు కలిపి నెలనెలా లెక్కగట్టే సూత్రం ఇచ్చారు. 1990లలో జాన్ మలోన్ బృందం ఉపగ్రహ సమాచారాన్నీ కంప్యూటర్ పటాలనూ వాడి తూర్పు ఆఫ్రికాకు ఇలాంటి అంచనాలు వేసింది. మనకు బాగా దగ్గరగా ఉండేది 2004లో కంబోడియాకు చేసిన పటం. అక్కడా ఇదే జలగ, అక్కడా వరి పొలాలే, అక్కడా వరద నీళ్లే. ముంపు, నదికి దూరం, భూమి వాడకం, ఎత్తు, వాలు అనే పొరలను ఒకదానిపై ఒకటి వేసి ప్రమాదాన్ని గుర్తించారు. మన దగ్గర బెంగళూరులోని పశువ్యాధుల పరిశోధన సంస్థ నివేది నాద్రెస్ పేరుతో నెలనెలా జిల్లాలవారీగా పశువ్యాధుల ముందస్తు హెచ్చరిక ఇస్తుంది. కార్జపు జలగ వ్యాధీ అందులో ఉంది. దాన్నిబట్టి జిల్లాకు మందులు తెప్పించుకోవచ్చు కానీ ఏ వీధికి వెళ్లాలో తెలియదు.

కంబోడియా పద్ధతినే చిన్నది చేసి మా ఊరికి వాడదామనుకున్నాను. పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితమే. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలూ ఉచితమే. నీరున్న చోట్లను ఆకుపచ్చ కాంతి, కంటికి కనిపించని దగ్గరి పరారుణ కాంతి పోల్చి గుర్తించవచ్చు. రాత్రుళ్లు కూర్చుని ఊరి చెరువు, పెద్ద కాలువ, చేపల చెరువులు అన్నిటికీ నీలం రంగు వేశాను. నీటికి దగ్గరగా ఉన్న ఇళ్లకు ఎక్కువ మార్కులు, దూరంగా ఉన్నవాటికి తక్కువ. పటం చూడటానికి చాలా బాగుంది.

పేడ పరీక్షలు చేశాక ఆ పటానికీ జబ్బుకూ పొంతన కుదరలేదు. పరీక్ష తేలికే. పేడను నీళ్లలో కలిపి, వడకట్టి, గ్లాసులో తేరనిచ్చి, పైనీళ్లు వంచేసి, మళ్లీ నీళ్లు పోసి తేరనివ్వాలి. అడుగున మిగిలినదానిలో ఒక చుక్క మిథిలీన్ బ్లూ కలిపి సూక్ష్మదర్శినిలో చూడాలి. నీలం రంగు మడ్డి మధ్యలో కార్జపు జలగ గుడ్లు బంగారం రంగులో మెరుస్తాయి. పశువు పొట్టలో ఉండే వేరే రకం జలగల, అంటే పొట్ట జలగల, గుడ్లు దాదాపు అంతే ఉన్నా రంగు ఉండదు, గాజులా ఉంటాయి. చెరువు గట్టున ఉన్న ఇళ్ల పేడలో నాకు బంగారం రంగు గుడ్లు అరుదుగా కనిపించాయి. పటంలో పచ్చగా, అంటే క్షేమంగా చూపించిన ఊరి చివరి కాలనీ వెనక ఇళ్లలో ఒక్కో స్లైడులో నాలుగైదు కనిపించాయి.

తప్పులు రెండు. ఒకటి, ఆ ఉపగ్రహ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 10 మీటర్ల చదరం. కాలనీ వెనక పారే మురుగు బోదె వెడల్పు మనిషి దాటేంతే. ఉపగ్రహానికి అది కనపడదు. అదీ కాక జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బులు. మబ్బుల్లోంచి చూడగల సెంటినెల్-1 రాడార్ చిత్రాలు తీసుకున్నా, వరి దుబ్బుల కింది బోదె అందులోనూ తేలదు. ఎత్తుపల్లాల పొర అయితే ఇంకా పనికిరాలేదు. ఉచితంగా దొరికే ఎత్తు పటాల్లో పొరపాటే మీటర్లలో ఉంటుంది. మా డెల్టాలో నీరు ఎటు పారాలో తేల్చేది జానెడు తేడా.

రెండో తప్పు నా లెక్కది. ఆ బోదెను చేత్తో పటంలో చేర్చాక కూడా పొంతన కుదరలేదు. నీరు, నత్త, పేడ, మేత నాలుగింటికీ 0 నుంచి 3 దాకా మార్కులిచ్చి కూడాను. ఊరి చెరువుకు నీటికి 3, గేదెలు అందులోనే పడుకుంటాయి కాబట్టి పేడకు 3, నత్తలకు 2. గట్టు నిటారుగా ఉంటుంది, చుట్టూ మేత లేదు, కాబట్టి మేతకు 0. మొత్తం 8. కాలనీ బోదెకు అన్నిట్లోనూ 2 చొప్పున, దానికీ 8. పటం మీద రెండూ ఒకే రంగు. కానీ ఈ జబ్బు గొలుసు. ఒక కొండీ లేకపోతే గొలుసే లేదు. తిత్తులున్న గడ్డిని ఎవరూ తినకపోతే ఎన్ని నత్తలున్నా జబ్బు రాదు. కూడిక బదులు గుణకారం చేశాను. చెరువు సున్నా అయింది, బోదె 16 అయింది. ఈ ఒక్క మార్పుతో పటం తలకిందులైంది. ఇలాంటి పని మొదలుపెట్టే తోటి డాక్టర్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. కంప్యూటర్ తెరవక ముందే కాగితం మీద గుణకారం వేసి చూడండి.

నత్తల దగ్గరికి

రెండో పటానికి ఉపగ్రహం కాదు, పిండి జల్లెడ కావాల్సి వచ్చింది. వెదురు కర్రకు జల్లెడ కట్టి, ఒక్కో చోట సరిగ్గా పది నిమిషాలు గడ్డి మొదళ్లలో తోడి, పడ్డ నత్తలను లెక్కపెట్టాం. ఫోన్‌లో ఆ చోటు గుర్తించుకున్నాం. కాళ్లకు గమ్ బూట్లు, చేతులకు గ్లవ్స్ తప్పనిసరి.

నత్త అంటే ఊళ్లో వాళ్లకు కూర వండుకునే పెద్ద నత్తే గుర్తొస్తుంది. దానికీ ఈ జబ్బుకూ సంబంధం లేదు. మాకు కావలసినవి రెండు. లిమ్నియా గుల్ల పలచగా, గోరు రంగులో ఉంటుంది. మొన పైకి, మూతి మనవైపు పెట్టి పట్టుకుంటే మూతి కుడివైపు తెరుచుకుని చెవిలా కనిపిస్తుంది. కార్జపు జలగను పెంచేది ఇదే. ఇండోప్లానార్బిస్ గుల్ల బల్లపరుపుగా చుట్టుకుని ఉంటుంది. దాని ఒంట్లో ఎర్రని రక్తవర్ణకం ఉండటంతో నలిపితే ఎర్రగా అంటుతుంది. పొట్ట జలగలకూ, పశువుల గురక వ్యాధికీ దారి ఇదే. గురక వ్యాధి కలిగించే ముక్కు రక్తనాళాల జలగను 1933లో వర్ణించింది మద్రాసులోని పశువైద్యుడు ఎం.ఎ.ఎన్. రావు. ఈ నత్త నుంచి వచ్చే ఫోర్కులాంటి తోక ఉన్న పిల్లలు మనిషి చర్మంలోకీ దూరబోతాయి. నాట్లు వేసేటప్పుడు కాళ్లకు దద్దుర్లు, దురద వస్తున్నాయని ఆడవాళ్లు చెప్తే 'నీళ్లు పడలేదు' అని కొట్టిపారేయకండి.

రెండు నత్తలు ఉండేది రెండు రకాల నీళ్లలో. ఇండోప్లానార్బిస్ మురికి నీళ్లలోనూ బతికేస్తుంది. ఇళ్ల వెనక మురుగు గుంటలో జల్లెడ ముంచితే చాలు, పడుతుంది. లిమ్నియాకు కాస్త తేటగా, మెల్లగా పారే లోతు తక్కువ నీరు కావాలి, పట్టుకోవడానికి నాచో తుంగో ఉండాలి. కాబట్టి ఒకే ఊరికి రెండు పటాలు. రెండింటినీ కలిపి 'నత్తల పటం' అని గీస్తే రెండూ తప్పవుతాయి.

నత్త ఉంటే సరిపోదు, దానిలో జలగ పిల్లలు ఉన్నాయా అన్నదీ చూడాలి. తెచ్చిన నత్తలను ఒక్కోదాన్ని ఒక్కో చిన్న గాజుసీసాలో బోరు నీళ్లలో వేసి రాత్రంతా ఉంచాను. ఈ జలగ పిల్లలు ఎక్కువగా చీకట్లోనే బయటికొస్తాయి. మర్నాడు పొద్దున్న రెండు సీసాల గోడలకు, నీటి మట్టానికి కాస్త కింద, సన్నని ఇసుక రేణువుల్లాంటి తెల్లని చుక్కలు అంటుకుని ఉన్నాయి. గోటితో గీకితే గానీ రాలేదు. గడ్డి మీద పశువు తినే తిత్తులు ఇవే. ఆ రెండు నత్తలూ ఒకే చోటివి, కాలనీ వెనక బోదె పొలంలోకి తిరిగే మలుపులోవి.

ఆ మలుపు నాకు చూపించింది ఉపగ్రహమూ కాదు, నేనూ కాదు. రోజూ గడ్డి కోసుకునే ఒక పెద్దావిడ. "మామ్మగారూ, ఎండల్లో కూడా గడ్డి పచ్చగా ఎక్కడుంటుందండీ?" అని అడిగాను. "కాలువ కట్టేసినా ఆ మలుపులో ఇంకదమ్మా. తూము కింద చెమ్మ ఉంటది. కొడవలి పెడితే నీళ్లొస్తాయి" అంది.

కాలువ కట్టేసిన నెల

ఆమె మాటతోనే నాకు అసలు సంగతి తెలిసింది. ఓలెరెన్‌షా సూత్రం వాన మీద నడుస్తుంది. మా ఊళ్లో నీరు వానది కాదు, కాలువది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ నేల తడి గోదావరి కాలువల తేదీలతో ముడిపడి ఉంది. జూన్ మొదట్లో నీళ్లు వదులుతారు, సార్వా నాట్లు. నవంబరు, డిసెంబరులో కోతలు. వెంటనే దాళ్వాకు, అంటే రెండో పంటకు, మళ్లీ నీళ్లు. ఏప్రిల్‌లో దాళ్వా కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. ఏప్రిల్, మే ఎండలకు బోదెలు నెర్రెలు విచ్చుతాయి. నత్తల్లో చాలా భాగం చచ్చిపోతాయి. మిగిలినవి తూముల కింద, మలుపుల్లో, కారే బోరు పక్కన ఉన్న కొద్దిపాటి తడిలో గుమిగూడతాయి. జూన్‌లో నీళ్లొచ్చాక ఊరంతా నత్తలు పాకేది అక్కడి నుంచే.

నవంబరులో నత్తలను వెతికితే ప్రతి బోదెలోనూ ఉంటాయి. పటం అంతా ఎరుపే, ఏం చేయాలో తోచదు. మేలో వెతికితే నాలుగైదు చోట్లే ఉంటాయి. పటం గీయవలసింది అప్పుడే. మూడో పటాన్ని నేను కాలువ కట్టేశాక మూడు వారాలు ఆగి, ఒక్కో బోదె వెంట నడిచి గీశాను. తడి ఉన్న చోట్లు ఏడు, లిమ్నియా బతికి ఉన్నవి నాలుగు. వాటిలో రెండింటికి పక్కనే పెంటపోగులు ఉన్నాయి, గేదెల పాకల కడుగునీళ్లూ నేరుగా అందులోకే పోతున్నాయి. జబ్బున్న మూడిళ్లు ఆ రెండింటి దిగువనే.

అవతలి వీధి ఎందుకు బాగుందో కూడా అప్పుడే తెలిసింది. వాళ్లు పేడను పిడకలు చేసి అమ్ముతారు. ఎండిన పిడకలో గుడ్డు బతకదు. నీళ్లూ నత్తలూ వాళ్ల వెనకా ఉన్నాయి, పేడ మాత్రం బోదెలోకి పోవడం లేదు.

చేసినవి, చేయలేకపోయినవి

మందు తేదీలు ముందుగా మార్చాం. ఏప్రిల్ చివర, కాలువ కట్టేశాక, నాళాల్లోని పెద్ద జలగలను చంపే మందు పశువులన్నిటికీ. జూన్‌లో నీళ్లొచ్చేసరికి పేడలో గుడ్లు బాగా తగ్గాలన్నది దీని ఉద్దేశం. సార్వా కోతల మేత తిన్న ఆరేడు వారాలకు, అంటే జనవరిలో, పిల్ల జలగలను కూడా చంపగల ట్రైక్లాబెండజోల్ పడ్డలకూ వట్టిపోయిన గేదెలకూ. పాలిచ్చే గేదెకు ఈ మందు పోయడానికి వీల్లేదు. ఇతర మందులకు కూడా లేబుల్ మీద రాసినన్ని రోజులు పాలు వాడకూడదు. ఇక్కడే రైతులతో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. డెయిరీకి పాలు పోస్తేనే ఇల్లు గడిచేవాళ్లు నాలుగు రోజులు పాలు పారబోయమంటే ఎలా ఒప్పుకుంటారు? అందుకే ఎక్కువ ప్రమాదమున్న ఇళ్లకే వెళ్లి, ఏ గేదె ఎప్పుడు వట్టిపోతుందో రాసుకుని ఆ వారానికి మందు పెట్టుకున్నాం. పటం లేకుంటే ఊరంతటికీ ఇలా చేయడం నా వల్ల అయ్యేది కాదు.

గడ్డి సంగతి ఆడవాళ్లతో మాట్లాడాం, ఎందుకంటే కోసేది వాళ్లే. బోదెలో గడ్డిని నీటి మట్టానికి జానెడు పైన కోయమన్నాం. మునిగి ఉన్న మొదలులోనే తిత్తులు ఉంటాయి. తడి వరిగడ్డిని అలాగే మేపకుండా ఎండలో మూడు రోజులు ఆరబెట్టాలని, కింది భాగం కోసేసి పై భాగం మేపితే ఇంకా మంచిదని చెప్పాం. ఇండోనేషియా వరి పొలాల్లోనూ ఇవే జాగ్రత్తలు సిఫారసు చేశారు. సీసా గోడకు అంటిన తిత్తులను చూపించాక వాళ్లకు నా ఉపన్యాసంతో పనే లేకపోయింది. సీసా చేతులు మారుతూ కాలనీ అంతా తిరిగింది.

పెంటపోగుల్లో ఒకదాన్ని మెరక మీదికి మార్చారు. రెండోది మారలేదు. ఆ ఇంటివాళ్లకు ఉన్న స్థలమే అంత, మార్చమనడానికి నాకు మనసొప్పలేదు. బదులుగా కడుగునీళ్లు ఇంకేలా పాక వెనక చిన్న గుంత తీయించాం. వర్షాకాలంలో అది పొంగింది. ఆ చోటు పటం మీద ఇప్పటికీ ఎరుపే.

కోతలయ్యాక కొల్లేటి వైపు నుంచి బాతుల మందలు వస్తాయి. బాతులు నత్తలను ఇష్టంగా తింటాయి. మంద దిగి వెళ్లిన పొలాల్లో జల్లెడకు నత్తలు తక్కువ పడటం రెండుసార్లు చూశాను. రైతులు అనుమతిస్తే ఆ మలుపు దగ్గర మందను రెండు రోజులు ఆపమని బాతుల వాళ్లను అడుగుతున్నాను. దీన్ని నేను నిరూపణ అనను, కానీ ఖర్చు లేని పని.

పడ్డ పోయిన ఇంట్లో తర్వాతి శీతాకాలం దాని తల్లి పేడలో రెండు నెలలు వరసగా బంగారం రంగు గుడ్లు కనపడలేదు. పొట్ట జలగల గుడ్లు మాత్రం ఉన్నాయి. ఇండోప్లానార్బిస్ మురుగు గుంటలను మేం ముట్టుకోనే లేదు కదా. ఆ నత్త పటం పని ఇంకా మిగిలే ఉంది.

పటం పాతబడిపోతోంది కూడా. కిందటేడు బోదె అవతలి నాలుగెకరాలు చేపల చెరువు అయింది. గట్టు వేయడంతో మురుగు దారి మళ్లి, కాలనీకి ఉత్తరాన కొత్తగా నీరు నిలుస్తోంది. నా పటంలో ఆ చోటికి ఇంకా ఏ రంగూ లేదు. ఈ ఏడు కాలువ కట్టేశాక మొదట అక్కడికే వెళ్తాను. మామ్మగారికి ముందే చెప్పి ఉంచాను, గడ్డి ఎక్కడ పచ్చగా ఉందో చూసి పెట్టమని.